మగ్గం వైపు నుంచి చూస్తే ప్రకాశం పంతులుగారు, రాజాజీ

మన వ్యాసర్పాడిలో పాతతరం వాళ్లు నలుగురు కూడితే ఒకప్పుడు రెండు పేర్ల మీద వాదన నడిచేది. ఒకటి టంగుటూరి ప్రకాశం పంతులుగారు, రెండోది రాజాజీ. పంతులుగారు మనవాడు, మన కోసం గుండె చూపించినవాడు అని ఒకరంటే, గుండె సంగతి సరే, మగ్గం ఆగిపోయిన రోజున ఢిల్లీతో మాట్లాడింది ఎవరని ఇంకొకరు అడిగేవారు. ఆ వాదన ఎప్పుడూ తేలేది కాదు. 1952 ఎన్నికల తర్వాత మద్రాసు ముఖ్యమంత్రి కుర్చీ ఎవరికి దక్కాలన్న తగవు దగ్గరికి వచ్చేసరికి మాట పెరిగి, కాఫీ చల్లారిపోయేది.

ఈ వార్షికోత్సవ సంచికలో ప్రకాశం గారి జీవితం మన పిల్లలకు చెప్పుకుందాం. ఆయన కథలో రాజాజీ పక్కపక్కనే నడుస్తాడు కాబట్టి ఆయన్నీ కలుపుకుందాం. ఇద్దరూ చేనేతవాళ్లు కారు. ఇద్దరూ ప్లీడర్లు, ఇద్దరూ గాంధీగారి మనుషులు. ఇద్దరి నిర్ణయాలూ మాత్రం నేరుగా మన మగ్గాల మీదికి వచ్చాయి.

పూటకూళ్లింటి నుంచి బారిస్టరు దాకా

ప్రకాశం గారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. అన్నం అమ్ముకుని బతికే ఇల్లంటే ఆ రోజుల్లో లోకానికి చులకన. ఆ చులకన చూస్తూ పెరిగిన పిల్లవాడికి చదువు మీద పట్టుదల పెరిగింది. హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆయన్ని చేరదీసి, తనతో రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. నాటకాల్లో వేషాలు వేస్తూ, అల్లరి చేస్తూనే ప్లీడరయ్యారు. రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు. తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివి, 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. డబ్బు బాగా సంపాదించారు.

గాంధీగారి పిలుపు వచ్చాక ఆ సంపాదనంతా వదిలేశారు. 1921లో స్వరాజ్య పత్రిక పెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో నడిపారు. కూడబెట్టిన ఆస్తి దాదాపు అంతా ఆ పత్రికకే పోయింది. పత్రిక మూతపడే నాటికి ఆయన చేతిలో మిగిలింది పేరొక్కటే.

ఆ పేరు ఎలా వచ్చిందో మన పేటలో చిన్నపిల్లలకి కూడా చెప్పాలి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర, ప్యారిస్ కార్నర్ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. పడిపోయిన మనిషిని చూస్తానని ప్రకాశం గారు ముందుకు నడిచారు. తుపాకులు ఎత్తి ఆపితే చొక్కా తెరిచి రొమ్ము చూపారు. అప్పటి నుంచి ఆంధ్రకేసరి అయ్యారు. మనం కొత్తబట్టలు కొనడానికో, నూలు బేరానికో వెళ్లే వీధుల్లోనే జరిగిందిది.

రాజాజీ దారి వేరు

రాజాజీ 1878 డిసెంబరు 10న హోసూరు దగ్గర తొరపల్లిలో పుట్టారు. సేలంలో ప్లీడరీ చేశారు. ఆయన కూడా ప్రాక్టీసు వదిలారు. 1925లో తిరుచెంగోడు దగ్గర గాంధీ ఆశ్రమం పెట్టి ఖద్దరు పని, మద్యనిషేధ ప్రచారం చేశారు. ప్రకాశం గారు జనం ముందు నిలబడి మాట్లాడే మనిషి. ఈయన కాగితం ముందు కూర్చుని లెక్క కట్టే మనిషి. ఆయన ఆవేశపరుడు, ఈయన చల్లగా ఆలోచించే రకం. ఇద్దరికీ మొదటి నుంచీ పొసగలేదు.

1937లో కాంగ్రెసు గెలిచి రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు. ప్రకాశం గారు రెవెన్యూ మంత్రిగా ఆయన కింద పనిచేశారు. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షుడిగా, భూమి మీద హక్కు దున్నే రైతుదేనని నివేదిక ఇప్పించారు. 1939లో యుద్ధం వచ్చి మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ప్రకాశం గారు మళ్లీ జైలుకెళ్లి 1945 దాకా లోపలే ఉన్నారు. రాజాజీ ఆ ఉద్యమాన్ని ఒప్పుకోక బయట ఉండిపోయారు. కాంగ్రెసువాళ్లు ఆ సంగతి ఆయన విషయంలో చాలాకాలం మరిచిపోలేదు.

1946: మిల్లు వద్దన్న ప్రధానమంత్రి

1946 ఎన్నికల్లో కాంగ్రెసు గెలిచింది. నాయకుడెవరన్న దగ్గర తగవు పడింది. గాంధీగారు, ఢిల్లీ పెద్దలు రాజాజీ అయితే బాగుంటుందన్నారు. ఇక్కడి శాసనసభ్యులు ఒప్పుకోలేదు. చివరికి ముత్తురంగ ముదలియారు మీద పోటీలో గెలిచి ప్రకాశం గారు 1946 ఏప్రిల్ 30న ప్రధానమంత్రి అయ్యారు. పై పెద్దల ఇష్టానికి ఎదురుగా వచ్చిన కుర్చీ కాబట్టి మొదటి రోజు నుంచే ఆయన మీద కన్ను పడింది.

అక్కడి నుంచి మన కథ మొదలవుతుంది. యుద్ధం తర్వాత దేశంలో నూలు, బట్ట రెండూ కరువు. కొత్త మిల్లులు పెట్టుకోవడానికి కేంద్రం రాష్ట్రాలకు కదుళ్లు కేటాయించింది. ప్రకాశం గారు మద్రాసుకు కొత్త మిల్లులు వద్దన్నారు. ఎంచుకున్న కొన్ని ఫిర్కాల్లో ఊరివాళ్లే నూలు వడికి, ఊళ్లోనే నేయించి, ఊరి బట్ట ఊరివాళ్లే కట్టుకోవాలని పథకం వేశారు. గాంధీగారు సంతోషించి సమర్థించారు. మిల్లు యజమానులు, పత్రికలు, కాంగ్రెసులోనే చాలామంది విరుచుకుపడ్డారు.

ఒక రాష్ట్రాన్ని ఏలేవాడు మిల్లు ముందు మగ్గాన్ని నిలబెట్టి ఇదే ముఖ్యం అనడం అంతకుముందు జరిగిన పని కాదు. అది ప్రకాశం గారి ధైర్యం. కానీ మగ్గం మీద కూర్చునే మనం ఇక్కడ ఒక మాట అడగాలి. మన పడుగుకు, పేకకు నూలు ఎక్కడి నుంచి వస్తుంది? మిల్లు నుంచే. మన తాతల కాలానికే చేనేత మగ్గం చాలా చోట్ల మిల్లు నూలుకు అలవాటు పడింది. ఒక మగ్గానికి తెంపు లేకుండా నూలు అందించాలంటే రాట్నం మీద ఎన్నో చేతులు పనిచేయాలి. పైగా చేతి నూలు ఎక్కువ తెగుతుంది, నేత మెల్లగా సాగుతుంది, కూలి గిట్టదు. మిల్లు రెండు పనులు చేస్తుంది. నూలు తీస్తుంది, బట్ట నేస్తుంది. మన శత్రువు దాని మగ్గం. దాని కదురు కాదు. పంతులుగారి పథకం కదురును ఆపాలని చూసింది. నూలు చిలపల కోసం రేషను వరసలో నిలబడుతున్న రోజుల్లో అది మనకు ఎంత మేలు చేసేదో చెప్పడం కష్టం.

పథకం పండేదో ఎండేదో చూసే వ్యవధి కూడా దొరకలేదు. సొంత పార్టీలోని ముఠాలన్నీ కలిసి 1947 మార్చిలో ఆయన్ని దించేశాయి. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ వచ్చారు. దిగిపోవడానికి మిల్లుల సంగతి ఒక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక కారణమే.

1952: ఎవరు గెలిచినట్టు?

1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో ఆచార్య రంగా గారు నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడారు. ఆ తగవులతో ప్రకాశం గారు, రంగా గారు ఇద్దరూ కాంగ్రెసు విడిచారు. రంగా గారు కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. చేనేత పరిశ్రమ ఆర్థిక స్థితి మీద 1930లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన. ప్రకాశం గారు కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు.

వయసొచ్చిన ప్రతివాళ్లకూ ఓటు ఇచ్చి జరిపిన మొదటి ఎన్నిక అది. మద్రాసు శాసనసభలో మొత్తం 375 స్థానాలు. కాంగ్రెసుకు 152 వచ్చాయి. సగానికి చాలా తక్కువ. కమ్యూనిస్టులకు 62, ప్రజా పార్టీకి 35. ఎన్నిక అయ్యాక కాంగ్రెసేతరులు చాలామంది కలిసి ఐక్య ప్రజాస్వామ్య వేదిక పేరుతో ప్రకాశం గారిని నాయకుడిగా ఎన్నుకున్నారు. తమకు 166 మంది ఉన్నారు, మమ్మల్నే పిలవాలి అన్నారు.

గవర్నరు శ్రీప్రకాశ రాజాజీని పిలిచారు. అప్పటికి రాజాజీ ఆ ఎన్నికలో నిలబడలేదు. ఒక్క ఓటూ అడగలేదు. గవర్నరే ఆయన్ని శాసనమండలికి నామినేట్ చేసి, 1952 ఏప్రిల్ 10న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకెక్కారు. కోర్టు ఆ దావా కొట్టేసింది. జులై 3న సభలో బలపరీక్ష పెడితే రాజాజీకి 200, ఎదురు 151 వచ్చాయి. ఏప్రిల్‌లో 152 ఉన్నవాళ్లకు జులైలో 200 ఎలా అయ్యాయంటే, చిన్న పార్టీలవాళ్లు, స్వతంత్రులు ఇటు జరిగారు.

ప్రకాశం గారికి అన్యాయం జరిగిందని మన పెద్దలు అనేవారు. నిదానంగా ఆలోచిస్తే రెండు సంగతులు విడిగా చూడాలి. ఎక్కువ స్థానాలున్న పార్టీని ముందు పిలవడం తప్పు కాదు. ఎన్నికయ్యాక కట్టిన కూటమి కన్నా, మద్దతు కూడగట్టుకోగల పెద్ద పార్టీకే ముందు అవకాశం ఇవ్వాలని 1988లో సర్కారియా కమిషన్ కూడా చెప్పింది. కానీ జనం ముందుకు రాని మనిషిని దొడ్డిదారిన మండలిలో కూర్చోబెట్టి ముఖ్యమంత్రిని చేయడం వేరే సంగతి. జనం మొదటిసారి వేసిన ఓటుకు అది మర్యాద కాదు. ఎనభై ఏళ్ల వయసులో ఊరూరా తిరిగి ఓటు అడిగిన ప్రకాశం గారు బయట నిలబడ్డారు.

దొడ్డిదారిన వచ్చినాయన చేసిన పని

ఆ కుర్చీలో కూర్చున్న రాజాజీ ఏం చేశారో కూడా చెప్పుకోకపోతే ధర్మం కాదు.

1952లో చేనేత పరిస్థితి దారుణం. నేసిన బట్ట అమ్ముడుపోక ఇళ్లలో గుట్టలు పడింది. మగ్గాలు ఆగాయి. చేనేత ఊళ్లలో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. మన గంజి పడుగుకు పెట్టేది, ఆ ఏడాది ఆ గంజే కడుపుకు దిక్కయింది. అన్నాదురై, ఆయన పార్టీవాళ్లు చేనేత బట్టలు భుజాన వేసుకుని వీధుల్లో అమ్మారు.

రాజాజీ రోగం ఎక్కడుందో పట్టుకున్నారు. ధోవతులు, చీరలు నేసే హక్కు చేనేతకే వదిలిపెట్టాలి, మిల్లులు వేరే బట్ట నేసుకోవాలి అని కేంద్రాన్ని పట్టుబట్టారు. నూలు జోలికి పోలేదు. మిల్లు మగ్గం జోలికే పోయారు. ఆయన అడిగిందంతా ఢిల్లీ ఇవ్వలేదు. చీరల సంగతి తేల్చలేదు. అయితే 1952 చివర్లో మిల్లుల ధోవతుల ఉత్పత్తిని అంతకుముందు నేసేదాంట్లో 60 శాతానికి కట్టడి చేశారు. అదే ఏడాది అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద గజానికి 3 పైసల సెస్సు వేసే చట్టం వచ్చింది. పాత పైసలు, రూపాయికి 192. ఆ డబ్బు ఖద్దరుకూ చేనేతకూ మళ్లించారు. సహకార సంఘాలకు పెట్టుబడి, బట్ట మీద రిబేటు అందులోంచే వచ్చాయి. 1935లో పుట్టిన మన కో-ఆప్టెక్స్ లాంటి సంఘాలు నిలదొక్కుకోవడానికి అది ఆసరా అయింది. ఇవాళ దీపావళికి కో-ఆప్టెక్స్ రిబేటు బోర్డు చూసినప్పుడు ఆ 3 పైసలు గుర్తు చేసుకోవచ్చు.

రాజాజీ ఒక్కరి వల్లే ఇదంతా జరిగిందని కాదు. రంగా గారు, ప్రగడ కోటయ్య గారు లాంటివాళ్లు ఏళ్ల తరబడి చేనేత తరఫున పోరాడారు. కానీ ఒక పెద్ద రాష్ట్రం ముఖ్యమంత్రి గట్టిగా అడిగితే ఢిల్లీ వింటుంది. ఆయన నాటిన మాట పార్లమెంటు చట్టంగా మారడానికి 1985 దాకా పట్టింది. అప్పుడు 22 రకాల బట్టలు చేనేతకు కేటాయించారు. తర్వాత అవి 11కు తగ్గాయి.

మేలు చేసిన చేయే ఇంకో పని కూడా చేసింది. 1953లో రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు బడికి ఒక పూటే రావాలి. రెండో పూట ఇంటి దగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి. బళ్లు తక్కువ, పిల్లలు ఎక్కువ, ఇలా అయితే ఇంకా ఎక్కువమందికి చదువు అందుతుందని ఆయన లెక్క. లెక్క కాగితం మీద సరిపోయింది. కానీ ప్లీడరు కొడుకు రెండో పూట పుస్తకం తీస్తాడు, సాలె కొడుకు కండెలు చుడతాడు. పదేళ్లకు ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. జనం దాన్ని కులవిద్య అన్నారు. పెరియార్, అన్నాదురై ఉద్యమం చేశారు. కాంగ్రెసులోనే కామరాజ్ వర్గం ఎదురు తిరిగింది. 1954 ఏప్రిల్‌లో రాజాజీ దిగిపోయి కామరాజ్ వచ్చారు. ఆ మే నెలలో ఆ పద్ధతి రద్దయింది.

మద్రాసు ఎవరిది?

ఇంకో తగవు మన వ్యాసర్పాడివాళ్లకు ఇంకా దగ్గర. ఆంధ్ర రాష్ట్రం వస్తే మద్రాసు నగరం ఏమవ్వాలి? నగరం మీద తెలుగువాళ్ల హక్కు వదులుకోవడానికి ప్రకాశం గారు ఒప్పుకోలేదు. 1949లో విభజన సంఘంలో ఉండి తన అసమ్మతి రాసిచ్చారు. నగరం వదలడానికి రాజాజీ ససేమిరా అన్నారు. పొట్టి శ్రీరాములు గారు ఈ నగరంలోనే దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. ప్రకాశం గారు తన పార్టీ వదిలి కాంగ్రెసు మద్దతుతో మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు కావాలన్న మనిషి మద్రాసు లేని రాష్ట్రాన్ని ఏలారు. అదీ ఏడాది మాత్రమే. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో పడిపోయారు. తిరుపతి విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనే వచ్చింది. కృష్ణ మీద బెజవాడ దగ్గర బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

మనం ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ పేటలు మారకుండా బతికాం. పక్కనే పెరంబూరులో బిన్నీ మిల్లు ఉన్నంతకాలం మనవాళ్లు కొందరు మగ్గం దిగి మిల్లు గేటు దాటారు. మగ్గాన్ని ముంచిన మిల్లే వాళ్లకు అన్నం పెట్టింది. 1996లో అదీ మూతపడింది. మిల్లు కూడా శాశ్వతం కాదని అప్పుడు తెలిసింది.

చివరి లెక్క

ప్రకాశం గారు 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. లక్షలు సంపాదించిన బారిస్టరు వెనక ఆస్తి మిగల్లేదు. నా జీవితయాత్ర అన్న స్వీయచరిత్ర మిగిలింది. రాజాజీ 1972 డిసెంబరు 25న మద్రాసులో పోయారు. చిత్రం చూడండి, ప్రకాశం గారి పత్రిక పేరునే ఆయన దగ్గర పనిచేసిన ఖాసా సుబ్బారావు గారు 1956లో మళ్లీ ఒక వారపత్రికకు పెట్టుకుంటే, అందులో రాజాజీ చివరిదాకా రాశారు. బతికినంతకాలం కలవని ఇద్దరు ఆ ఒక్క పేరు కింద కలిశారు.

మరి మన పెద్దల వాదనకు జవాబేమిటి? ప్రకాశం గారు మనల్ని ప్రేమించారు. కానీ మన నూలు లెక్క ఆయన సరిగా చూడలేదు. రాజాజీ మన బట్ట లెక్క సరిగా చూశారు. కానీ మన పిల్లవాడి చదువు లెక్కలో తప్పారు. ఒకరికి ఓటు బలం ఉండి కుర్చీ నిలవలేదు. ఇంకొకరు ఓటు అడగకుండానే కుర్చీ ఎక్కారు. ఇద్దరిలో ఎవరినీ పూర్తిగా మనవాడు అనలేం, ఎవరినీ పూర్తిగా కాదనలేం.

అందుకే ఇప్పుడు మన వీధికి ఎవరు ఓటు అడగడానికి వచ్చినా, వాళ్ల కులమేమిటి, భాషేమిటి అని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. నూలు ఏ ధరకు ఇప్పిస్తారు? నేసిన బట్ట ఎక్కడ అమ్మిపెడతారు? మా పిల్లలు రెండు పూటలా బడికి వెళ్లే దారి ఏది? మొదటి ప్రశ్నకు ప్రకాశం గారి దగ్గర, మూడో ప్రశ్నకు రాజాజీ దగ్గర మనకు నచ్చే జవాబు లేదు. వాళ్లంతటి వాళ్లకే తెలియనప్పుడు, అడిగి చెప్పించుకోవాల్సింది మనమే. ఒంటరిగా అడిగితే వినరు. సంఘంగా అడిగితే వింటారు. మన సమాఖ్య ఉన్నది అందుకే.